అలకీ అలకీ మధ్య

భానోజీ మాస్టారికి ఒక అలవాటు ఉండేది. ప్రశ్న అడిగిన చోట జవాబు చెప్పేవారు కాదు. వరండాలో అడిగితే పెరట్లోకి తీసుకెళ్ళేవారు, పెరట్లో అడిగితే వీధిలోకి. ఇంద్రధనుస్సు ఎందుకొస్తుందని అడిగిన పాపానికి ఆరో తరగతి పిల్లలందరినీ వాన వెలిసేదాకా బడి గోడ పక్కన నిలబెట్టి, అన్నాల వేళ దాటించి, వాళ్ళ తల్లుల చేత చీవాట్లు తిన్న మనిషి. పాలు ఎందుకు పొంగుతాయండీ అని భార్య ఒకసారి పరధ్యానంగా అంటే, రెండు గిన్నెల్లో పాలు పొయ్యి మీద పెట్టించి, రెండూ పొంగించి, ఇల్లంతా మాడు వాసన చేశారు. ఆవిడ మళ్ళీ జన్మలో ఆయన్ని ఏమీ అడగలేదు. ఉద్యోగం నుంచి దిగి ఎనిమిదేళ్ళయినా ఆ గుణం పోలేదు. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదంటారు కదా.

ఆయనది రాజాం వైపు పల్లె. కొండకింద పేట హైస్కూలుకి సైన్సు మాస్టారుగా వచ్చి, ఆ జాలరి ఊరు నచ్చి, అక్కడే ఉండిపోయారు. సముద్రాన్ని రోజూ చూడటమే గాని మోకాలి పైకి తడుపుకున్నవారు కాదు. ఆయన ఆఖరి శిష్యురాలు నూకరత్నం. ఆమె ఆ ఊరి అంగన్‌వాడీలో ఆయా. వయసు ముప్పై నాలుగు. పిల్లల్ని పడుకోబెట్టి, గిన్నెలు కడిగి, సాయంత్రం అయిదింటికి నోటుపుస్తకం చంకన పెట్టుకుని మాస్టారి వరండా ఎక్కేది. ఓపెన్ స్కూల్లో పదో తరగతి కట్టింది. జూలైలో విమలమ్మ టీచరు రిటైరవుతోంది. ఆలోగా పది పాసైతే ఆ కుర్చీ రత్నానిది. లేకపోతే పక్క మండలం నుంచి ఇంకెవరో వస్తారు. పదేళ్ళుగా ఆ పిల్లల ముక్కులు తుడిచి, పాటలు నేర్పి, గుడ్లు ఉడకబెట్టి వలిచి పెట్టినది రత్నమే అయినా, వచ్చినావిడ కూర్చోడానికి కుర్చీ తుడవాల్సింది కూడా రత్నమే.

రెండుసార్లు రాసింది, రెండుసార్లూ సైన్సులోనే పోయింది. మొదటిసారి నాలుగు మార్కులు తగ్గాయి, రెండోసారి రెండు. ఆమ్లాలూ క్షారాలూ ఆమెకు కొట్టినపిండి. గుండె బొమ్మ గీస్తే మాస్టారే ముచ్చటపడేవారు. ఒక్క అలల పాఠం దగ్గరే బండి దిగబడేది. చేపపిల్లకి ఈత నేర్పాలా అంటారు గాని, ఈ చేపపిల్ల సరిగ్గా ఆ నీళ్ళలోనే మునిగేది. సముద్రం ఒడ్డున పుట్టి అలల లెక్కలో తప్పడమేమిటని ఊరు ఊరంతా నవ్వితే, రత్నమూ వాళ్ళతో పాటు నవ్వేది.

మూడోసారి పరీక్షకి ఇంకా మూడు రోజులున్నాయనగా, సాయంత్రం వరండాలో పునశ్చరణ జరుగుతోంది. మాస్టారు పడక్కుర్చీలో, ఆమె గోడకి ఆనుకుని చాప మీద.

“తరంగదైర్ఘ్యం అంటే?”

“రెండు వరుస శృంగాల మధ్య దూరం మాస్టారూ.”

“శృంగం అంటే?”

“అల నెత్తి.”

“పరీక్షలో నెత్తి అని రాయకు. దూరాన్ని దేంతో కొలుస్తాం?”

“మీటర్లతో.”

“శభాష్” అని ఆయన ఒక లెక్క ఇచ్చారు. తరంగ వేగం సెకనుకి నలభై మీటర్లు, పౌనఃపున్యం సెకనుకి అయిదు, తరంగదైర్ఘ్యం ఎంత? ఆమె చకచకా భాగహారం చేసి పుస్తకం అందించింది. ఎనిమిది అని వచ్చింది, సరైనదే. పక్కన మాత్రం ముత్యాల్లాంటి అక్షరాలతో ‘సెకన్లు’ అని ఉంది. మాస్టారు కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకున్నారు. ఈ నెలలో అది పదకొండోసారి.

“ఇప్పుడే కదమ్మా దూరం అన్నావు?”

“అన్నాను మాస్టారూ. నోరు దూరం అంటది. సెయ్యి సెకన్లని రాసీస్తది.” ఆమె తల దించుకుని చాప అంచు పీకింది. “అలకీ అలకీ మజ్జిన ఎంత అని మా ఊళ్ళో ఎవులైనా అడిగితే, మీటర్లు సెప్పినోడు మునిగిపోతాడు.”

అందులో ఆమె తప్పు లేదు. ఆ ఊళ్ళో పడవ నీళ్ళలోకి దించే పద్ధతి అలాంటిది. సముద్రం కాస్త పోటు మీద ఉన్నప్పుడు పెద్ద కెరటాలు మూడో నాలుగో వరసగా వచ్చి విరుగుతాయి. తర్వాత కొంచెంసేపు తెరిపి. ఆ తెరిపిలోనే పడవని తోసి, మళ్ళీ పెద్ద కెరటం లేచేలోగా అలలు విరిగే చోటు దాటించాలి. తోసేవాళ్ళు పడవకి భుజం ఆనించి, తలలు వంచుకుని ఉంటారు కాబట్టి వాళ్ళకి సముద్రం కనపడదు. అందుకని ఒకరు పక్కన మోకాలి లోతు నీళ్ళలో నిలబడి కెరటాలు ఎంచి, సమయం చూసి ‘తొయ్’ అని కేక పెడతారు. చూపు చురుకైన వాళ్ళకే ఆ పని ఇస్తారు. వాళ్ళ నోటి మాట మీద నలుగురి ప్రాణాలు సముద్రంలోకి దిగుతాయి.

రత్నం ఎనిమిదో ఏటి నుంచి తండ్రి పోలయ్య పడవకి ఎంచేది. ఆడపిల్ల చేత ఎంచించడమేమిటని ఎవరైనా అంటే, “సముద్రం ఆవులిస్తే నా కూతురి కన్ను పేగులు లెక్కెడతది” అని పోలయ్య మురిసిపోయేవాడు. పన్నెండో ఏట, ఒక ఉదయం, ఎప్పటిలాగే మూడు పెద్ద కెరటాలు ఎంచింది, తెరిపి చూసింది, తొయ్ అంది. పడవ నీళ్ళలోకి జారింది. ఎక్కడా లేని కెరటం ఒకటి ఎదురుగా నిట్టనిలువునా లేచి పడవని బోర్లా వేసింది. ముగ్గురు ఈదుకొచ్చారు. పోలయ్య కుడి భుజం పడవ అంచు కింద నలిగిపోయింది. ఆ చెయ్యి మళ్ళీ తెడ్డు పట్టలేదు. ఆయన ఒడ్డున వలలు బాగుచేసేవాడయ్యాడు, రత్నం బడి మానేసి తల్లితో పాటు చేపల గంప ఎత్తుకుంది. ఆసుపత్రిలో కట్టు కడుతున్న డాక్టరుతో పోలయ్య, “మా అమ్మాయి లెక్క తప్పింది బాబూ” అన్నాడట నవ్వుతూ. ఆ మాట ఊళ్ళోకి వచ్చి పేరైపోయింది. ఇరవై రెండేళ్ళుగా ఆమె ఆ ఊళ్ళో ‘తప్పులెక్క రత్నం’. పిలిచేవాళ్ళు ప్రేమగానే పిలుస్తారు. అంగన్‌వాడీ పిల్లలకి కూడా ఆ పేరు తెలుసు.

మాస్టారు ఈ కథ వినడం కొత్త కాదు, ఊరంతా చెప్పుకునేదే. అయితే ఎవరు చెప్పినా నవ్వుతూ చెప్పేవారు. ఈ సాయంత్రం రత్నం నవ్వకుండా చెప్పింది. చెప్పి, పుస్తకం మూసి అడిగింది.

“ఒక్కటే అడుగుతాను మాస్టారూ. నేను మూడూ ఎంచినాను. తెరిపి సూసినాను. ఇన్నేళ్ళూ పడుకునే ముందు మళ్ళీ మళ్ళీ ఎంచుకుంటన్నాను, ఎక్కడా తప్పు దొరకదు. సరిగ్గా ఎంచినా లెక్క ఎందుకు తప్పుతాది?”

లోపల్నుంచి మాస్టారి భార్య తొంగిచూసి, ఈయన ఇప్పుడు ఎక్కడికి బయల్దేరదీస్తారో అన్నట్టు నిట్టూర్చింది. ఆయన కళ్ళజోడు పెట్టుకుని, “రేపు పొద్దున్న కొండ దగ్గరికి రా” అన్నారు.

“కొండెక్కుతారేటి? మీ మోకాళ్ళు?”

“వాటితో నేను మాట్లాడుకుంటాను.”

ఊరి పక్కన సముద్రంలోకి ముక్కులా పొడుచుకొచ్చిన కొండ అది. రాత్రంతా దక్షిణపు గాలి వీచి తెల్లవారేసరికి పడింది. మాస్టారు పది అడుగులకోసారి ఆగి, దృశ్యం చూస్తున్నట్టు నటిస్తూ ఆయాసం తీర్చుకున్నారు. రత్నం ఆ నటన నమ్మినట్టు తనూ నటించింది. పైకి చేరేసరికి ఆయన జుబ్బా తడిసి ముద్దయింది. ఆమె సీసాలో తెచ్చిన మజ్జిగ తాగి, ఒక రాయి మీద కూలబడి, కిందికి చెయ్యి చూపించారు.

రత్నం ముప్పై నాలుగేళ్ళుగా సముద్రాన్ని ఎదురుగా నిలబడే చూసింది. పైనుంచి చూడటం ఇదే మొదలు. చిన్నప్పుడు కొండెక్కడానికి తీరిక లేదు, పెద్దయ్యాక పని లేదు. ఒడ్డున ఉంటే ఒక అల వస్తుంది, అది విరిగాక ఇంకోటి వస్తుంది. ఇక్కడ అలలన్నీ ఒక్కసారే ఉన్నాయి, దున్నిన చేలో చాళ్ళలాగా, ఒకదాని వెనక ఒకటి, దూరదూరం దాకా. ఏదీ ఆమె మీదికి రావడం లేదు. వాటి మధ్య ఒక పడవ ముక్కు సముద్రం వైపు పెట్టుకుని పోతోంది.

“ఆ పడవ ఎవరిది?”

“మా మరిది ఎర్రన్నది. ముప్పై అడుగులు.”

“పడవ ముందున్న అల నెత్తికీ, వెనకున్న అల నెత్తికీ మధ్య ఎన్ని పడవలు పడతాయి?”

ఆమె కళ్ళు చికిలించి, ఒక కన్ను మూసి, బొటనవేలు అడ్డం పెట్టి కొలిచింది. “అయిదు.”

“అయిదు సెకన్లా?”

ఆమె ఫక్కున నవ్వింది. “అయిదు పడవలు మాస్టారూ! పడవలు సెకన్లెలా అవుతాయి?” అని, ఆ నవ్వు మధ్యలోనే ఆగి, నోటి మీద చెయ్యి పెట్టుకుంది. అలకీ అలకీ మధ్య ఉన్నది మొట్టమొదటిసారి ఆమె కళ్ళకి జాగాలా కనపడింది. నీళ్ళు నిండిన జాగా. అయిదు పడవలు వరసగా కట్టుకోవచ్చు. మాస్టారు మోకాళ్ళు రెండూ తడుముకుని ఎంతో తృప్తిగా కూర్చున్నారు.

ఇక దిగుదామని ఆయన లేవబోతుంటే రత్నం కదల్లేదు. కొండ ముక్కు వైపు చూస్తోంది.

“మాస్టారూ, అటేపు సూడండి. ఇంకో వరస ఉంది.”

“ఎక్కడమ్మా?”

“అదిగో, కొండ సుట్టూ తిరిగి వస్తంది. ఏటవాలుగా. రాత్రి గాలికి లేసింది గావాల.”

ఆయన కళ్ళజోడు తుడుచుకుని చూశారు. ఉంది. తిన్నగా ఒడ్డుకి పోతున్న పెద్ద వరసని అడ్డంగా కోసుకుంటూ, కొండ ముక్కు చుట్టి వంగి వస్తున్న రెండో వరస. నేల మీద నిలబడితే పెద్ద అలల వెనక అది కనపడే వీల్లేదు. రెండు వరసలూ ఊరి రేవు ముందే కలుస్తున్నాయి. ఒకదాని నెత్తి ఇంకోదాని పల్లంలో పడ్డ చోట నీళ్ళు చదునైపోతున్నాయి. నెత్తీ నెత్తీ కలిసిన చోట మాత్రం, ఏ హెచ్చరికా లేకుండా, నీళ్ళు మనిషెత్తున నిటారుగా లేచి, ఆ మరుక్షణమే ఏమీ ఎరగనట్టు కూలిపోతున్నాయి. కూలిన తర్వాత రెండు వరసలూ ఎవరి దారిన అవి పోతున్నాయి.

రత్నం పెదవులు కదులుతున్నాయి. అలవాటు కొద్దీ పెద్ద వరసని ఎంచుతోంది. ఒకటి, రెండు, మూడు. తెరిపి. “తొయ్” అని తనలో తను అనుకుంది. సరిగ్గా అప్పుడు, ఆ తెరిపిలోకి, అడ్డ వరస నుంచి ఒక కెరటం వచ్చి, చిన్నగా వస్తున్న తిన్నని కెరటాన్ని కలిసి, పడవ ఉండాల్సిన చోట నిలువునా లేచింది.

ఆమె ఉన్న చోటే కూర్చుండిపోయింది. ఇంకోసారి ఎంచింది. ఆ పైన కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. పన్నెండేళ్ళ పిల్ల మోకాలి లోతు నీళ్ళలో నిలబడి మోయడం మొదలుపెట్టిన బరువు అది. ఎవరైనా ఆ పేరు పెట్టి పిలిచినప్పుడల్లా నవ్వి, ఆ నవ్వు కింద దాచుకున్న బరువు. మాస్టారికి ఓదార్చడం చేతకాదు. ఆమె పక్కన రాయి మీద కూర్చుని, మజ్జిగ సీసా మూత తీసి పెట్టి, మూత వేసి పెట్టి, ఆమె ఏడుపు ఆగేదాకా సముద్రాన్నే చూస్తూ ఉండిపోయారు.

కొండ దిగి ఆమె తిన్నగా తండ్రి దగ్గరికి పోయింది. పోలయ్య ఎండకి పడవ చాటున కూర్చుని ఎడమ చేత్తో వల కుడుతున్నాడు.

“నాన్నా, ఆ రోజు పడవని కొట్టింది తిన్నని కెరటం కాదు.”

“కాదు. అడ్డ కెరటం” అన్నాడు పోలయ్య, తల ఎత్తకుండా. “కొండ తిరిగి వొచ్చింది. పడవ మీద ఉన్నోడిని, నాకు తెలీదేటి?”

“తెలుసా? మరి లెక్క తప్పిందని అందరికీ ఎందుకు సెప్పినావు?”

“నువ్వు మంచం కోడు పట్టుకుని ఏడుస్తన్నావే. నవ్వించడానికన్నాను. నువ్వు నవ్వినావు. నవ్వినావు గదాని అలాగే అంటా వొచ్చినాను.” అప్పటికి ఆయన తలెత్తి కూతురి మొహం చూశాడు. చేతిలో సూది ఆగిపోయింది. “ఎర్రిపిల్లా! నిజమనుకున్నావేటి?”

ఆమె తలూపింది. పోలయ్య సూది ఇసకలో గుచ్చి, ఆ ఒక్క చెయ్యీ చాచి కూతురి తల దగ్గరికి తీసుకున్నాడు. ఇద్దరిలో ఎవరు ముందు ఏడ్చారో చూసినవాళ్ళు లేరు. ఆ తర్వాత ఆ ఊళ్ళో ఎవరైనా నోరు జారి పాత పేరు పలికితే మాత్రం, “అడ్డ కెరటాన్ని ఎంచినోడు పుట్టినాడేట్రా ఈ పేటలో? పుడితే పిలవండి, సూద్దాం” అని ముసలాయన కర్ర పట్టుకుని లేచేవాడు. నెల తిరిగేసరికి ఆ పేరు పోయింది.

పరీక్షలో అలల మీద రెండు ప్రశ్నలు వచ్చాయి. రత్నం మొదటిదానికి మీటర్లు రాసింది. రెండు తరంగాలు ఒకే చోట కలిస్తే ఏమవుతుందని అడిగిన దానికి పేజీన్నర రాసింది, బొమ్మ కూడా వేసింది, వేలెడంత పడవ ఒకటి అందులో చేర్చింది. ఫలితాలు వచ్చిన రోజు మార్కుల కాగితం పట్టుకుని మాస్టారి ఇంటికి పరుగెత్తుకొచ్చింది. సైన్సులో అరవై ఒకటి. మాస్టారి భార్య ఆమె నోట్లో పంచదార పోసి, మొహమంతా ముద్దులు పెట్టుకుంది. మాస్టారు కాగితాన్ని దూరంగా పట్టుకుని, దగ్గరగా పట్టుకుని, మూడుసార్లు చదివారు.

రత్నం ఆయన కాళ్ళకి దండం పెట్టి లేచి, ఇన్నాళ్ళూ దాచుకున్న మాట అడిగింది.

“మీకు ముందే తెలుసు కదూ మాస్టారూ? ఆ రెండో వరస సూపించడానికే నన్ను కొండెక్కించారు.”

మాస్టారు కాగితాన్ని మడత నలగకుండా ఆమె చేతిలో పెట్టారు.

“లేదు రత్నం. నేను చూపిద్దామనుకున్నది ఒక్క వరసే. రెండోదాన్ని నలభై ఏళ్ళు బోర్డు మీద గీశాను, అంతే.”